ఆళ్లగడ్డ బడి వరండాలో డీజిల్ రైలు

ఆళ్లగడ్డ బోర్డు స్కూల్లో నేను టీచరుగా చేరింది యాభై ఏడులో. మూడో తరగతి ఇచ్చారు. చేరిన నెలకే రైలు పాఠం వచ్చింది. నాకు సంబరం వేసింది. మా నాయన రైలు డ్రైవరు. నంద్యాల స్టేషను పక్కన రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినదాన్ని. మిగతా పాఠాలు పుస్తకం చూసి చెప్పేదాన్నేమో కానీ, ఇది మాత్రం పుస్తకం మూసేసి చెప్పాను. బొగ్గు, నీళ్లు, ఆవిరి, కూత, సిగ్నలు, జెండా, అన్నీ. చెప్పిందంతా విన్నాక పలకల మీద రైలు బొమ్మ వేయమన్నాను.

పలకలన్నీ తిరిగి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ బస్సులే వేశారు. ఒకదాని వెనక ఒకటి ఐదు బస్సులు, మధ్యలో తాళ్లు. ఒకడు తాడుకు ముడులు కూడా వేశాడు. ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల మాత్రం మొదటి బస్సులో డ్రైవర్ని కూర్చోబెట్టి, స్టీరింగు కోసం చోటు వెతుకుతోంది.

"టీచరమ్మా, అంత పొడుగు బండి మలుపు తిరగాలంటే స్టీరింగు ఎంత పెద్దదుండాల?" అని అడిగింది.

రైలుకు స్టీరింగు ఉండదని చెప్పాను. తరగతి మొత్తం నా మొహం చూసింది. అంతదాకా నేను చెప్పిందంతా నమ్మిన పిల్లలు, ఆ ఒక్క మాటతో నేను కోతలు కోస్తున్నానని తేల్చేశారు. వాళ్ల తప్పు లేదు. నంద్యాల ఇరవై ఐదు మైళ్లే అయినా, వాళ్లలో ఒక్కరు కూడా రైలు చూసిన వాళ్లు లేరు. ఇళ్లల్లో పెద్దవాళ్లు కూడా చాలామంది చూడలేదు. సంతకు పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా ఎద్దులబండి, కాదంటే బస్సు. రైలుతో వాళ్లకు పనేముంది?

ఆ శనివారం బస్సెక్కి ఇంటికి పోతే, అక్కడ అమ్మకు వేరే కష్టం వచ్చి ఉంది. నాయన కొత్తగా రిటైరయ్యాడు. క్వార్టర్సు ఖాళీ చేసి, స్టేషనుకు దగ్గర్లోనే ఒక అద్దె ఇంట్లోకి మారారు. దగ్గరుండడమే చేటయింది. బండి వచ్చే వేళకల్లా నాయన చొక్కా తొడుక్కుని ప్లాట్‌ఫారం మీదికి పోయేవాడు. వచ్చిన ప్రతి డ్రైవరుకూ తప్పులు చెప్పేవాడు. బ్రేకు గుంజి పట్టినావనో, నీళ్లు ఎక్కువ పెట్టినావనో, కూత పొట్టిగా వేసినావనో. వాళ్లంతా ఆయన చేతికింద ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మెన్లుగా చేసినవాళ్లే కాబట్టి నోరు మూసుకుని వినేవాళ్లు. వాళ్ల భార్యలు మాత్రం వచ్చి అమ్మతో చెప్పుకునేవాళ్లు.

"పదిదినాలు మీ నాయన్ను ఆళ్లగడ్డకు తీసుకపో. ఆడ రైలు లేదు గదా, ఊరకుంటాడు," అంది అమ్మ.

అప్పుడే వచ్చింది నాకు ఆలోచన. రైలు లేని ఊరికి నాయన్ను తీసుకుపోయి ఏం చేయించాలో తట్టింది. పిల్లల బొమ్మల సంగతి చెప్పాను. తాళ్ల సంగతి చెబితే నవ్వాడు. స్టీరింగు సంగతి చెబితే నవ్వలేదు, లేచి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు గిద్దలూరు ఘాట్ మీద బండి నడిపిన మనిషి. ఇరవై ఐదు మైళ్ల దూరంలో తన పనంటే ఏమిటో తెలియని ఊరొకటుందని అప్పుడే తెలిసినట్టుంది. పిల్లలకు బొమ్మ రైలు ఒకటి చేసిద్దామా అన్నాను.

"చేస్తాం పాపా. నడిచేదే చేస్తాం. ఊరికే చూసే బొమ్మ కాదు," అన్నాడు.

ఆ మరుసటి వారమే అనుకోకుండా ఒక ఫోటో వచ్చింది. మా మేనమామ గుజరాత్‌లో కాండ్లా రేవు కట్టే చోట పనిచేసేవాడు. ఉత్తరంతోపాటు అక్కడ కొత్తగా వచ్చిన డీజిల్ ఇంజను ఫోటో పంపాడు. దీనికి పొగగొట్టం లేదు బావా, బొగ్గు లేదు, నీళ్లు లేవు, డ్రైవరు చొక్కా తెల్లగానే ఉంటుంది అని రాశాడు. నాయన ఆ ఫోటోను వెలుతురులో పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, అమ్మకు ఇచ్చేశాడు.

"ఇంజను యాడుంది ఇందులో? బీరువాకు చక్రాలు పెట్టినారు," అన్నాడు.

అమ్మ దాన్ని గోడకున్న అద్దం సందులో గుచ్చింది. నాయన గడ్డం గీసుకునేటప్పుడు రోజూ ఆ బీరువాను చూడక తప్పేది కాదు.

రైలు పని నంద్యాల్లోనే మొదలైంది. పట్టాలకు ఏం వాడాలా అని నాయన రెండు రోజులు ఊరంతా తిరిగాడు. చివరికి జిన్నింగ్ మిల్లులో దొరికింది. పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలు. అవి నిలువుగా పెడితే అచ్చం పట్టాలే. చెక్క ముక్కలకు రంపంతో గాట్లు పెట్టి, ఆ గాట్లలో పట్టీని దిగ్గొడితే కదలకుండా నిలబడింది. చక్రాలు ఎద్దులబండ్లు చేసే వడ్రంగి తుమ్మచెక్కతో చేసిచ్చాడు. చక్రం లోపలి వైపు అంచు కొంచెం పెద్దదిగా ఉండాలని నాయన చెబితే, ఆ వడ్రంగి మొదట తప్పు చెబుతున్నాడేమో అనుకుని సమంగా చెక్కేశాడట. మళ్లీ చేయించాల్సి వచ్చింది.

ఇక ఇంజను నడిచేదెట్లా? ఇంట్లో పాత గ్రామఫోను ఒకటుండేది. పాట వినిపించే భాగం ఎప్పుడో చెడిపోయింది, కింద స్ప్రింగు మాత్రం గట్టిగా ఉంది. పాట రాని పెట్టె ఇంట్లో ఉంటేనేం, పోతేనేం అని అమ్మ ఇచ్చేసింది. నాయన దాన్ని విప్పి లోపల చూసి తెగ సంబరపడ్డాడు. వేగం తగ్గించడానికి, పెంచడానికి అందులో ఒక చిన్న మీట ఉంది. ఇంజన్లో ఆవిరిని వదిలే పిడిని రెగ్యులేటరు అంటారు. గ్రామఫోనులో దీన్ని కూడా రెగ్యులేటరే అంటారని మరమ్మతు చేసేవాడు చెప్పాడట. ఆ రోజు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పాడు.

దసరా సెలవులు అయిపోగానే ట్రంకుపెట్టె, పట్టీల కట్ట, చక్రాల సంచి బస్సు మీద వేయించుకుని నాతోపాటు ఆళ్లగడ్డకు వచ్చాడు. హెడ్మాస్టరు మొదట ఒప్పుకోలేదు. వరండా నిండా ఇనుము పరిస్తే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఏం చెప్పాలన్నాడు. అది భూగోళం పాఠమని చెబుతానన్నాను. భూగోళమైతే సరేనన్నాడు. తర్వాత అందరికంటే ఎక్కువసేపు ఆ రైలు దగ్గర నిలబడింది ఆయనే.

నేనుండే ఇంటి పక్కనే ఒక శిల్పాచారి ఉండేవాడు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే మనిషి. ఆయన వయసూ నాయన వయసూ ఒకటే అయి ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం ఉలి పక్కన పెట్టి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. నాయన చెప్పాడు. కొండను తొలిచి దారి చేసిన చోట, బొగద దగ్గర, బండి చీకట్లోకి పోయి అవతల వెలుతుర్లోకి వస్తుందని కూడా చెప్పాడు. ఆచారికి మిగతా రైలంతా పట్టలేదు, ఆ తొలిచిన కొండ పట్టింది.

"కొండను తొలిచినారా? ఎంత లోతుకు? పగుళ్లు రాలేదా? పైన బరువు ఎట్ల నిలబడింది?" అని కూర్చుని మరీ అడిగాడు.

మరునాటి నుంచి ఆయన కూడా పనిలో చేరిపోయాడు. మెత్తరాయి తెచ్చి మూరెడు పొడుగు సొరంగం తొలిచాడు. అది ఎంత నునుపుగా వచ్చిందంటే లోపల చేయి పెడితే బయటకు తీయబుద్ధి కాదు. అయితే ముఖద్వారం మీద ఒక తామరపువ్వు చెక్కాడు. బొగద మీద పువ్వులుండవని నాయన అన్నాడు. పువ్వు లేని రాయి తన వాకిలి దాటదని ఆచారి అన్నాడు. రెండు రోజులు ఇద్దరూ ఆ ముక్క మీదే మాట్లాడుకున్నారు. పువ్వు ఉండిపోయింది.

అసలు తంటా ఇంజను దగ్గర వచ్చింది. నాయన చేయాలనుకున్నది తాను నడిపినటువంటి ఆవిరి ఇంజను. గుండ్రటి బాయిలరు, ముందు పొగగొట్టం. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి చుట్టాడు. గ్రామఫోను యంత్రం అందులో దూరలేదు. నిలబెడితే ఎత్తు ఎక్కువ, పడుకోబెడితే వెడల్పు ఎక్కువ. ఇంకా పెద్ద రేకు తెచ్చి పెద్ద గుండ్రం చుట్టాడు. యంత్రం దూరింది కానీ, ఇంజను చూడి బర్రె మాదిరి అయింది. పొగగొట్టం పెడితే ఇంకా అన్యాయంగా ఉంది. ఆచారి అటు నుంచి చూసి, ఇటు నుంచి చూసి, ఏమీ అనకుండా ఇంటికి పోయాడు. విగ్రహాలు చెక్కే మనిషి ఏమీ అనకుండా పోయాడంటే అంతకంటే తిట్టు లేదు.

నాయనకు నాలుగు రోజులు అదే పని. రేకు విప్పడం, చుట్టడం, విప్పడం. అన్నం దగ్గర కూడా చేత్తో ఏదో కొలుచుకునేవాడు. ఐదో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడకుండా అడిగాడు.

"పాపా, ఆ బీరువా ఫోటో నంద్యాల్లోనే ఉందా?"

నా పుస్తకంలోనే ఉంది. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అమ్మ నాకిచ్చి పంపింది, ఎందుకైనా పనికొస్తుందని. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని నేల మీద పెట్టి, పక్కన గ్రామఫోను యంత్రాన్ని పెట్టి, రెండింటినీ చూశాడు. పలకలు పలకలుగా పెట్టెలాంటి ఒళ్లు. లోపల ఏం పెట్టినా పడుతుంది. అప్పటికి ఆచారి కూడా వచ్చాడు. డీజిల్ అంటే ఏందని అడిగితే, బస్సుల్లో పోసేదే అని చెప్పాను.

"అయితే మా బావి కాడ నీళ్లు తోడే ఆయిలింజను మాదిరే గదా అన్నా. దాన్నే పట్టాల మీదికి ఎక్కించినారు," అన్నాడు ఆచారి.

నాయనకు ఆ మాట నచ్చింది. ఆయిలింజను అంటే ఆయనకు కోపం లేదు. అది గట్టిగా పనిచేసే వస్తువు. బీరువా కాదని తేలాక చేతులు ఆడాయి. రెండు రోజుల్లో రేకు పెట్టె తయారైంది. ముందు మూతి, పక్కన కిటికీలు, మధ్యలో డ్రైవరుండే గది. ఆచారి రాళ్లకు వాడే ఎర్రరంగు నూరి, ఉడికించిన బంకలో కలిపి ఇచ్చాడు. కిటికీలో కూర్చోబెట్టడానికి బొటనవేలంత డ్రైవర్ని చెక్కి తెచ్చాడు. ఆ డ్రైవరు చొక్కాకు నాయన సున్నం పూశాడు. తెల్లగానే ఉంటుందని రాశాడు కదా మీ మామ అన్నాడు. ఇంజను వెనక పెట్టెలుగా బిస్కెట్టు డబ్బాలు తగిలించాడు.

మా లైను మీదికి నిజం డీజిల్ ఇంజన్లు రావడానికి ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పట్టింది. అవి వచ్చినప్పుడు నంద్యాల స్టేషనులో జనం వింతగా చూశారు. నాకు మాత్రం ఎప్పుడో తెలిసిన ముఖాన్ని మళ్లీ చూసినట్టే అనిపించింది. ఎర్ర రేకు వాసన, ఉడికించిన బంక వాసన ముక్కుకు తగిలాయి.

మొదటిసారి నడిపింది ఒక శనివారం మధ్యాహ్నం. నాపరాళ్లు పరిచిన వరండాలో పట్టాలు గుండ్రంగా తిరిగి, సొరంగంలోంచి వచ్చి, హెడ్మాస్టరు గది గుమ్మం ముందు నుంచి పోతాయి. మూడో తరగతే కాదు, బడి మొత్తం స్తంభాలెక్కింది. నాయన తాళంచెవి తిప్పినట్టు పిడి తిప్పి స్ప్రింగు ఎక్కించాడు. సంతోషంలో రెగ్యులేటరు పూర్తిగా తెరిచేశాడు. బండి బాణంలా పోయి, సొరంగంలో దూరి, అవతల వచ్చి, మలుపు దగ్గర పట్టాలు వదిలి నేరుగా హెడ్మాస్టరు కాళ్ల మీద పడింది. బిస్కెట్టు డబ్బాలు మెట్లు దిగి పోయాయి. పిల్లలకు ఇంతకంటే బాగా నడవడమంటే ఏమిటో తెలియదు కాబట్టి చప్పట్లు కొట్టారు.

ముప్పై ఏళ్లలో పట్టాలు తప్పించని మనిషి ఆ రోజు తప్పించాడు. ఆయన మొహం ఎర్రబడింది. కానీ నవ్వుతున్నాడు. హెడ్మాస్టరు వంగి ఇంజన్ను రెండు చేతులతో ఎత్తి తెచ్చి పట్టాల మీద పెట్టాడు.

రెండోసారి మీట సగం మాత్రం తెరిచాడు. బండి మెల్లగా కదిలింది. అప్పుడు స్టీరింగు అడిగిన ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని, చెంప నాపరాయికి ఆనించి, మలుపు దగ్గర చక్రాన్ని చూసింది. నాలుగు చుట్లు అట్లాగే చూసింది. లేచి నా కొంగు పట్టుకుంది.

"చక్రానికి లోపలి పక్క పెదవి ఉండాది టీచరమ్మా. పట్టా దాన్ని ఒత్తి తిప్పుతాండాది. నువ్వు చెప్పింది నిజమే," అంది.

నాకు ట్రెయినింగులో ఎవరూ చెప్పని మాట అది. పెదవి. నేను తర్వాత ఎన్ని బళ్లలో పనిచేసినా ఆ మాటతోనే చెప్పాను.

పదిదినాలకని వచ్చిన నాయన ఆరు నెలలు ఉన్నాడు. మధ్యలో అమ్మ వచ్చి చూసి, ఈ మనిషికి ఇక్కడ ఇంతమంది ఫైర్‌మెన్లు దొరికారన్న మాట అని తిరిగి పోయింది. అమ్మకు నంద్యాల్లో హాయిగానే ఉందట. సంక్రాంతి, ఉగాది దాటి, ఎండలు ముదరక ముందు పిల్లలకు నిజం రైలు చూపించాలని తీర్మానించాం. ఒక బస్సు యజమాని కూతురు మా బళ్లోనే చదివేది, ఆయన బస్సు పంపాడు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, హెడ్మాస్టరు, నేను, నాయన, ఆచారి. ఆచారి కూడా ఎందుకంటే, సొరంగం చెక్కిన ఆ మనిషి కూడా జీవితంలో రైలు చూడలేదు. అది మాకు బస్సెక్కాకే తెలిసింది. అన్ని నెలలు నాయనతో సమానంగా మాట్లాడుతూ ఉంటే మేమెవరం అడగలేదు.

నంద్యాల స్టేషన్లో స్టేషనుమాస్టరు మమ్మల్ని ప్లాట్‌ఫారం చివర నిలబెట్టాడు. గుంతకల్లు నుంచి బండి వచ్చింది. మా పిల్లలు చూసిన ఒకే ఒక్క ఇంజను ఎర్రటి పెట్టె. ఇప్పుడు వచ్చింది నల్లగా, పొగ కక్కుతూ, పక్కల నుంచి బుసలు కొడుతూ. ముప్పై ఏడు మంది ఒక్కసారి నా వెనకకు వచ్చారు. ఒక్క పెదవి పిల్ల మాత్రం నాయన చెయ్యి పట్టుకుని లాగింది.

"తాతా, అది అంటుకుండాది. నీళ్లు పోయమని చెప్పు."

నాయన పక్కనే ఉన్న బల్ల మీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. పొగ లేనిది రైలే కాదన్న మనిషి, పొగ ఉంటే రైలు చెడిపోయిందనుకునే పిల్లల్ని తానే తయారు చేశాడు. ఆ రోజు బండి నడిపే డ్రైవరు ఆయన పాత ఫైర్‌మెనే. పిల్లల్ని ఇద్దరిద్దరిగా పైకెక్కించి పొయ్యి తలుపు తెరిచి చూపించాడు. మంట దాని అన్నమని, నీళ్లు ఆవిరై అదే చక్రాన్ని తోస్తుందని నాయన ఒక్కొక్కరికీ చెప్పాడు. దిగినవాళ్ల మొహాలన్నీ మసి. ఆ పిల్ల దిగివచ్చి, మన బండే మేలు, ఇది ఒంటికి మసి పూస్తాంది అని తేల్చింది. అప్పుడే డ్రైవరు కూత వేశాడు. అంత దగ్గర్లో అంత పెద్ద కూత. పిల్లలందరూ చెవులు మూసుకుని, మూసుకున్న చెవులతోనే మళ్లీ మళ్లీ వేయమని అడిగారు.

గాజులపల్లి దాకా బండిలో పోయి, అక్కడికి వచ్చే మా బస్సులో తిరిగి పోవాలని ఏర్పాటు. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. ఆచారి మాత్రం బయటకు చూడలేదు. అరచేతిని పెట్టె గోడకు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎట్లుందని నాయన అడిగితే, రాయిలో ఉలి దిగేటప్పుడు చేతికి తెలిసే అదురు ఇదే అన్నాడు.

గాజులపల్లిలో దిగి పిల్లల్ని లెక్కపెడుతున్నాను. ముప్పై ఎనిమిది సరిపోయింది. పెద్దవాళ్లలోనే ఇద్దరు తగ్గారు. చూస్తే నాయన, ఆచారి ఇంకా పెట్టెలోనే ఉన్నారు. కిటికీలోంచి నాయన చెయ్యి ఊపుతున్నాడు.

"బొగద చూపించుకోని వస్తా పాపా. మీ అమ్మకు చెప్పు," అని అరిచాడు.

బండి కదిలిపోయింది. పిల్లలు స్టేషను బయట చింతచెట్టు కింద చిత్రాన్నం తిన్నారు. ఆ ఇద్దరి మూటలు కూడా వాళ్లే పంచుకున్నారు. పిల్లల్ని హెడ్మాస్టరుతో బస్సులో ఆళ్లగడ్డకు పంపి, నేను నంద్యాల్లో దిగి అమ్మతో చెబితే, అమ్మ కాసేపు తిట్టి, తర్వాత ఇద్దరికీ సరిపడా జొన్నపిండి తీసి పక్కన పెట్టింది.

మూడో రోజు పొద్దున వచ్చారు, గూడ్సుబండి వెనక పెట్టెలో గార్డు పక్కన కూర్చుని. ఇద్దరి చొక్కాలూ ఒకే రంగులో ఉన్నాయి. చలమ స్టేషన్లో ఒక రాత్రి, దిగువమెట్టలో ఒక రాత్రి ఉన్నారట. నాయనకు తెలియని స్టేషనుమాస్టరు ఆ లైను మీద లేడు. బొగదలోంచి బండి పోయేటప్పుడు పెట్టె అంతా చీకటి కమ్మింది, ఆ చీకట్లో ఎవరో ఒకాయన బిగ్గరగా నవ్వడం మొదలుపెట్టాడు, ఆ నవ్వు విని ముందు పక్కవాళ్లు, తర్వాత పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు, బయటకు వచ్చేదాకా ఎవరూ ఆపలేదని నాయన చెప్పాడు.

"ఎవరబ్బా ఇంతగా నవ్వుతాండేది అనుకుంటి. వెలుతురు పడినాంక చూస్తే ఈయనే," అన్నాడు.

ఆచారి రొట్టె తుంచుతూ, ఎందుకు నవ్వు వచ్చిందో తనకూ తెలియలేదన్నాడు. అమ్మ ఇంకో రొట్టె వేసింది.